శ్రమ మనలను బలపరచునా?

ధ్యానమునకు: యోబు 42:10–17, 1 రాజులు 19:1–8, రోమా 5:1–5



చావు జరిగిన యింటికి పోయినప్పుడును, పంట మునిగినవానిని పలుకరించినప్పుడును మన సంఘములలో తప్పక వినబడు మాట ఒకటి కలదు. దేవుడు నిన్ను బలపరచుటకే ఈ కష్టమును రానిచ్చెను, దీనిని దాటితివా మునుపటికంటె గట్టిపడుదువు అని. చెప్పువారు మంచి మనస్సుతోనే చెప్పుదురు. వినువారు తల వంచుకొని విందురు. నా సేవ మొదటి దినములలో నేనును ఈ మాటను ధారాళముగా పంచిపెట్టితిని. అది నిజమేనా అని నన్ను మొట్టమొదట అడిగినది ఒక తల్లి. ఆ దినమున ఆమెకు నేను జవాబు చెప్పలేకపోతిని. ఈ నెల ఈ పుటలను ఆ జవాబు కొరకే వాడుకొనుచున్నాను.

1977 నవంబరు 19వ తేది శనివారమున దివిసీమమీద ఉప్పెన పడెను. బంగాళాఖాతములో లేచిన పెనుగాలి సముద్రమును గోడవలె ఎత్తి తెచ్చి, కృష్ణానది సముద్రములో కలియు చోటి పల్లెలమీద పడవేసినది. నాగాయలంక, కోడూరు ప్రాంతములలో సముద్రమునకు దగ్గరగా నున్న ఊళ్లు దాదాపు తుడిచిపెట్టుకొని పోయినవి. సర్కారు లెక్కలోనే చనిపోయినవారు పదివేలమంది వరకు ఉండిరి; ఆ లెక్క చాలదని ఆ సీమవారు నేటికిని చెప్పుదురు. బ్రదికినవారిలో అనేకులు తాడిచెట్టునో తుమ్మచెట్టునో కావలించుకొని గడిపినవారు. తుమ్మముండ్లు ఒంటినిండ దిగినను వారు చేయి వదలలేదు.

అప్పుడు నాకు ఇరువది నాలుగేండ్లు. మెట్టప్రాంతపు సంఘమొకటి కూర్చిన బియ్యము, దుప్పట్లు, గిన్నెలు తీసికొని డిసెంబరు నెలలో మేము నలుగురము కోడూరుకు దిగువనున్న ఒక పల్లెకు పోతిమి. తాటాకు పందిరిక్రింద ఆరాధన జరిగినది. నేను రోమా పత్రిక ఐదవ అధ్యాయము చదివి, శ్రమలోనుండి ఓర్పు ఎట్లు పుట్టునో, నిప్పులో బంగారమెట్లు శుద్ధియగునో గట్టిగా బోధించితిని. మీరిక బండమీద కట్టిన యిండ్లవలె నిలిచెదరని కూడ చెప్పితిని. ఇండ్లే లేనివారియెదుట ఆ పోలిక తెచ్చితినని అప్పుడు నాకు తోచలేదు. బోధ బాగుగ నున్నదని నాతోకూడ వచ్చిన పెద్దలు మెచ్చుకొనిరి.

దుప్పట్లు పంచుచుండగా ఒక తల్లి నా దగ్గరకు వచ్చినది. ముప్పది ఏండ్లు ఉండవచ్చును. ముగ్గురు పిల్లలు నీటిలో పోయిరి. ఇద్దరిని చెరియొక చేత పట్టుకొన్నదట. చిన్నది మెడ కరచుకొని యున్నదట. ఎవరు ఎప్పుడు జారిపోయిరో ఆమెకు తెలియదు.

"అయ్యగారూ, ఒక్క మాట అడగనా?"

"అడుగమ్మా."

"నాకు బలం రావాలనే దేవుడు నా బిడ్డల్ని తీసుకెళ్లాడంటారా? ఇప్పుడా బలం పెట్టుకుని నేనేం చేసుకోవాలండీ? ఆ కాస్త బలం ఆ రోజు నా చేతుల్లో ఉంటే సరిపోయేది గదా."

నేనేదో గొణిగితిని. ఆమె దుప్పటి తీసికొని వెళ్లిపోయినది. తిరిగి వచ్చునప్పుడు బండిలో నేనెవరితోను మాటలాడలేదు.

ప్రియులారా, మనము చెప్పు ఈ మాట బైబిలులోనిదని మనలో చాలమంది అనుకొందురు. వెదకి చూడుడి, ఈ రూపమున అది ఎక్కడను దొరకదు. మనిషిని చంపక విడిచినదేదో అదే వానిని బలవంతుని చేయునను భావమును 1888లో ఒక చిన్న పుస్తకములో వ్రాసి లోకమంతట వ్యాపింపజేసినవాడు నీచే అను జర్మను తత్త్వవేత్త. ఆయన ఒక లూథరను పాదిరిగారి కుమారుడే గాని క్రీస్తు మార్గమును త్రోసివేసినవాడు. ఆ మాట వ్రాసిన కొలది నెలలకే, 1889 జనవరిలో, ఆయన మతి చెడి మరల కోలుకొనలేదు. 1900లో చనిపోవువరకు తల్లియు, తరువాత చెల్లెలును ఆయనను కనిపెట్టి చూచుకొనిరి. దీనిని నేను ఎగతాళికి చెప్పుటలేదు, జబ్బు ఎవరికైనను రావచ్చును. ఆయన వాక్యము మన నోటిలోనికి వచ్చి, లేఖనపు బట్టలు తొడుగుకొని, దుఃఖపడువారి యిండ్లలో తిరుగుచున్నదని మాత్రమే చెప్పుచున్నాను.

మరి లేఖనమేమి చెప్పుచున్నది? యోబు గ్రంథపు ముగింపును మనము పండుగ కథవలె చదువుదుము. పోయినదానికి రెండంతలు వచ్చెనని సంతోషింతుము. నిదానముగా లెక్క చూడుడి. గొఱ్ఱెలు రెండంతలైనవి, ఒంటెలు రెండంతలైనవి, ఎడ్లును గాడిదలును రెండంతలైనవి. పిల్లలు మాత్రము మునుపటివలెనే ఏడుగురు కుమారులు, ముగ్గురు కుమార్తెలు. పోయిన పదిమంది తిరిగి రాలేదు, వారికి బదులుగా ఇరువదిమంది రాలేదు. గొఱ్ఱెకు గొఱ్ఱె బదులగును. బిడ్డకు బిడ్డ బదులు కాదని ఆ గ్రంథకర్తకు తెలిసియే యుండును. శ్రమవలన యోబు మునుపటికంటె బలవంతుడాయెనని కూడ అక్కడ ఎవరును వ్రాయలేదు. పదకొండవ వచనములో మాత్రము, మనము సాధారణముగా దాటిపోవు సంగతి ఒకటి కలదు. అన్నదమ్ములు, అక్కచెల్లెండ్రు, తొలుత పరిచయమున్నవారు అందరును అతని యింటికి వచ్చి, కూర్చుండి అన్నము తిని, అతని కొరకు దుఃఖించి, తలా ఒక నాణెమును ఒక బంగారు ఉంగరమును ఇచ్చిరి. ఈ చుట్టములు మొదట ఎక్కడ నుండిరో తెలియదు గాని, వచ్చినప్పుడైనను ఉపన్యాసములతో రాలేదు.

ముగ్గురు స్నేహితులు చేసిన తప్పు కూడ ఇక్కడ తలంచుకొనవలెను. ఏడు దినములు నేలమీద మౌనముగా కూర్చున్నంతవరకు వారు మంచి స్నేహితులే. నోరు తెరచి కారణము చెప్పబూనిన తరువాతనే చెడిపోయిరి.

ఏలీయా సంగతి చూడుడి. యెజెబెలుకు వెరచి అరణ్యములోనికి పారిపోయి, బదరీవృక్షముక్రింద కూర్చుండి ఇక చాలు, చనిపోవుదునని కోరుకొన్న ప్రవక్త ఆయన. కర్మెలు కొండమీద అంత బలముగా నిలిచినవాడే. ఆయనయొద్దకు పంపబడిన దూత, ఈ భయము నీకు మేలు చేయునని బోధించెనా? లేదు. నిప్పులమీద కాల్చిన రొట్టెయు నీళ్ల బుడ్డియు తలదగ్గర పెట్టి, లేచి తినుమనెను. ఆయన తిని మరల పండుకొనెను. రెండవమారు కూడ తినుమనెను. దేవుడు కొండదగ్గర ఆయనతో మాటలాడినది ఆ తరువాతనే. ఆ నలువది దినముల నడకకు చాలిన బలము భయములోనుండి గాక ఆ రొట్టెలోనుండి వచ్చెనని లేఖనమే స్పష్టముగా చెప్పుచున్నది.

మరి పౌలు మాట యేమని మీరడుగుదురు. అడుగవలసినదే, నేనును ఆ దినమున దానినే చదివితిని. కాని ఆ ఐదు వచనములను మొదటినుండి చదివితే, గొలుసు శ్రమతో మొదలుకాదు. దేవునితో సమాధానము, మనము నిలిచియున్న కృప, ఇవి ముందు, శ్రమ తరువాత, చివర హృదయములలో కుమ్మరింపబడిన ప్రేమ. రెండు ప్రక్కలను ఊత లేని శ్రమ ఓర్పును పుట్టించునని ఆయన అనలేదు. అంతేగాక, అది తన శ్రమనుగూర్చియు తనతోకూడ శ్రమపడువారినిగూర్చియు చెప్పుకొన్న మాట. పరుల తలుపులమీద అంటించు చీటీ కాదు. అదే పౌలు కొరింథీయులకు వ్రాసిన రెండవ పత్రిక ఆరంభములో, ఆసియలో తగిలిన శ్రమ తన శక్తికి మించినదనియు, బ్రదుకుమీద ఆశ కూడ వదలుకొంటిననియు సిగ్గుపడక ఒప్పుకొనుచున్నాడు. పండ్రెండవ అధ్యాయమునాటికిని శరీరములోని ముల్లు పోలేదు. తనకు బలము కలిగెనని చెప్పును గాని, ఆ బలము క్రీస్తుదని చెప్పును.

యోసేపు మాటయు అట్టిదే. మీరు కీడు తలంచితిరి, దేవుడు దానిని మేలుకు త్రిప్పెనని అన్నలతో చెప్పినవాడు గుంటలో పడినవాడే; చెప్పినది ఎన్నో ఏండ్ల తరువాత. గుంట అంచున నిలిచినవాడెవడైనను ఆ మాటను క్రిందికి కేక వేసి యుండినయెడల ఎట్లుండును? కష్టమును మరచితినని పెద్దకుమారునికి మనష్షే అని పేరు పెట్టినవాడు, అన్నలను చూడగానే ఎన్నిమారులు చాటుకు పోయి యేడ్చెనో ఆదికాండములో లెక్కించుకొనుడి. ఐగుప్తు దేశమంతటిని ఏలుచున్న దినములలోనే ఆ యేడ్పు.

మన సేద్యగాండ్రకు తెలిసిన ఒక సంగతి ఇక్కడ చెప్పెదను. వేరుశనగ మొలిచిన తరువాత మూడు వారముల వరకు నీరు పెట్టక బెట్టకు వదలుదురు. ఆ బెట్టకు వేరు లోతుకు దిగును. తరువాత తడి ఇచ్చినప్పుడు పూత ఒక్కమారుగా వచ్చును. కష్టము మేలు చేయుననుటకు ఇంతకంటె మంచి సాక్ష్యము లేదని నేనొకప్పుడు కూటములలో చెప్పుచుంటిని. ఒక ముసలి రైతు నన్ను సవరించెను. "అయ్యగారూ, అదే బెట్ట ఊడలు దిగేటప్పుడు తగిలితే కాయే ఉండదు. ఇంకో మాట, బెట్ట పెట్టి తడి ఇయ్యకపోతే చేనంతా ఎండిపోద్ది. మేలు జేసింది బెట్టా, తడా?" అన్నాడు. కొంచెము బెట్ట, తగిన వయస్సు, దాని వెనుక నీరు: ఈ మూడును కూడినప్పుడే ఆయన పూత చూచుచున్నాడు. మూడు సంవత్సరములు వరుసగా వాన లేని సీమలో వేరు లోతుకు దిగినదని ఎవరును సంతోషింపరు. బావుల గట్టున పశువుల సంత పెట్టుదురు.

వైద్యులు కనుగొన్నదియు దీనికి దగ్గరగానే యున్నది. 1944–45 చలికాలములో జర్మను సేనలు ఆక్రమించియున్న హాలెండు దేశపు పడమటి పట్టణములలో ఘోరమైన కరవు వచ్చెను. ఆ నెలలలో తల్లి గర్భమందున్న శిశువులను వైద్యులు పెద్దవారగువరకు పరిశీలించుచు వచ్చిరి. వారు ఏబది, అరువది ఏండ్ల వయస్సుకు వచ్చినప్పుడు, ముఖ్యముగా గర్భమున పడిన తొలినెలలలోనే ఆకలి తగిలినవారిలో, గుండెజబ్బు ఇతరులకంటె ఎక్కువగా కనబడినది. చక్కెరవ్యాధి వైపు మొగ్గు కూడ కనబడినది. ఆ శిశువులు కరవును గెలిచి బ్రదికినవారే. బ్రదికిరి గాని, గట్టిపడలేదు.

ఇంకొక ప్రక్కను కూడ చెప్పవలెను. 1990 తరువాతి ఏండ్లలో అమెరికాలో ఇద్దరు మానసికశాస్త్రజ్ఞులు, పెద్ద దెబ్బ తిన్నవారిలో కొందరు జీవితమునకు క్రొత్త విలువ కనుగొనిరనియు, పొరుగువారికి దగ్గరయైరనియు వ్రాసి, దానికి గాయము తరువాతి ఎదుగుదల అను అర్థమిచ్చు పేరు పెట్టిరి. వారు సహితము ఆ ఎదుగుదల దెబ్బనుండి వచ్చునని చెప్పక, దెబ్బతో మనిషి పడిన పెనుగులాటనుండి వచ్చునని చెప్పిరి. 2009లో మిన్నెసోటా విశ్వవిద్యాలయపు పరిశోధకులు మరియొక సంగతి ప్రకటించిరి. కష్టమునకు ముందును తరువాతను విద్యార్థులను ప్రశ్నించి చూడగా, తాము ఎదిగితిమని వారు చెప్పిన దానికిని నిజముగా కనబడిన మార్పునకును చాలమట్టుకు పొత్తు కుదురలేదట. నేను గట్టిపడితిననుట కొన్నిమారులు నిజము. కొన్నిమారులు మనిషి తన్ను తాను నిలువబెట్టుకొనుటకు చెప్పుకొను మాట. ఆ మాటను అతని చేతిలోనుండి లాగికొనుట నా పని కాదు. కాని మన సాక్ష్యకూటములనుగూర్చి ఒకటి ఆలోచింపుడి. కష్టమును దాటి బలపడినవాడు లేచి సాక్ష్యము చెప్పును, మనము స్తోత్రమని పలుకుదుము. దాటలేక త్రాగుడులో పడినవాడు లేచి చెప్పడు. మాటలేని పిచ్చిదై యింటి మూల కూర్చున్న చెల్లెలు కూటమునకే రాదు. నలువదిమందిలో ముగ్గురి సాక్ష్యము విని, శ్రమ అందరిని బలపరచునని లెక్క కట్టుచున్నాము.

ఊళ్ల సంగతికి వత్తము. దివిసీమ తీరమునకు ఉప్పెన క్రొత్తది కాదు. 1864 నవంబరు 1వ తేదిని అదే కృష్ణా తీరమున బందరు పట్టణముమీద పడిన ఉప్పెనలో సుమారు ముప్పదివేలమంది చనిపోయిరి. శ్రమ తనంతట తానే బలమిచ్చునదైతే, అంత శ్రమ పడిన తీరము 1977 నాటికి ఇనుపకోటవలె నుండవలసినది. నూటపదమూడేండ్ల తరువాత అదే నీరు అట్లే వచ్చి అట్లే జనమును తీసికొనిపోయినది. కాని 1990 మే నెల 9వ తేదిని మరియొక పెనుతుపాను ఆ తీరముననే ఒడ్డుకు ఎక్కినప్పుడు చనిపోయినవారు వెయ్యికి లోపు. వెయ్యి చిన్న లెక్క కాదు, వెయ్యి ఇండ్ల ఏడుపు. అయినను పదివేలు కాదు. ఆ పదమూడేండ్లలో ఏమి జరిగినది? తీరమునందంతటను తుపాను షెల్టర్లు కట్టిరి. ముందుగా హెచ్చరిక అందు ఏర్పాటు చేసిరి. లక్షలమందిని బండ్లలోను లారీలలోను ముందే తరలించిరి. 1864 శ్రమయు 1977 శ్రమయు ఒక్కటే. రెండవదాని వెనుక మనుష్యులు పూనుకొని చేసిన పని యున్నది.

1991లో నాకు ఆ ప్రాంతమునకు పోవు పని పడినది. ఆ తల్లి బ్రదికి యున్నదా అని విచారించితిని. ఊరివారు నవ్వి, ఆమెనుగూర్చి పెద్ద కథ చెప్పిరి. ముందటి యేడు మైకు బండి వచ్చి షెల్టరుకు పొమ్మని చాటినప్పుడు, సగము ఊరు కదలలేదట. ఈమె ప్రతి గడపకు పోయి, ముసలివారిని రెక్క పట్టుకొని లేపి, గేదెను విడిచి రానన్న ఒక మొండివాని గేదెను తానే విప్పి తోలుకొని పోయినదట. షెల్టరులో తలలు లెక్కపెట్టి, ఇద్దరు తక్కువైరని మరల వానలో బయలుదేరినదట. "అంత కష్టం జూసింది గదండీ, అందుకే అంత గట్టిది" అని వారనిరి. పదునాలుగేండ్ల క్రిందటి నా బోధ నా చెవికే వినబడినది. ఒక్క క్షణము నాకు సంతోషము కలిగెనని ఒప్పుకొనుచున్నాను.

ఆమె యింటికి పోతిని. నన్ను గుర్తుపట్టి మంచము వాల్చినది. ఆ దినము ఆమె అడిగిన ప్రశ్నను నేను మరువలేదని చెప్పి, ఊరివారి మాట కూడ చెప్పితిని.

"బలం గాదండీ అయ్యగారూ, భయం," అన్నది. "ఆ మైకు విన్నకాడ్నుంచి నా కాళ్లు ఒకచోట నిలవలేదు. అందరూ కళ్లముందు కనబడితేనే గాని ఊపిరాడలా. ఇప్పటికీ వాన పెద్దదైతే నేను పడుకోనండీ. కాలవలోకి దిగి ఇరవై అడుగులు ఎరగను."

మరి ఈ పదునాలుగేండ్లు ఎట్లు గడిపితివని అడిగితిని. ప్రక్క గుడిసెలోని విధవరాలు రెండేండ్లు తన ప్రక్కన పండుకొన్నదని చెప్పినది. రాత్రి కేక వేసి లేచినప్పుడెల్ల దీపము వెలిగించెడిదట. వారమునకొకమారు ఒక బైబిలుస్త్రీ వచ్చెడిదట. "ఆవిడ పెద్దగా ఏం చెప్పేది గాదండీ. నాతోపాటు కూచుని బియ్యంలో రాళ్లు ఏరేది. పిల్లల ముచ్చట్లు అడిగేది. మా చిన్నదానికి బెల్లమంటే ఎంత పిచ్చో ఆవిడకి చెప్పాను. ఇంకెవరూ అడగలేదు."

నేనును అడిగియుండలేదు. బండెడు బియ్యము తెచ్చితిని గాని ఆ పిల్లల పేర్లు అడుగలేదు. ఆమె 1977లో అడిగిన దానికి అప్పుడు చెప్పవలసిన జవాబును ఆ మంచముమీద కూర్చుండి చెప్పితిని. నీకు బలము కలుగవలెనని దేవుడు నీ బిడ్డలను తీసికొనిపోలేదమ్మా, ఆ దినము నేను తప్పు చెప్పితిని అని. సిలోయములో గోపురము కూలి చచ్చిన పదునెనిమిదిమంది కథను జ్ఞాపకము చేసి, అక్కడ ప్రభువు ఆ చావునకు వారి పాపమును కారణముగా ఒప్పుకొనలేదనియు, వారి తల్లులకు అది మేలని కూడ చెప్పలేదనియు అంటిని. మరి ఎందుకు జరిగెనని ఆమె అడుగునేమోనని భయపడితిని. దానికి నాయొద్ద జవాబు లేదు, నేటికిని లేదు. ఆమె అడుగలేదు. కొంగుతో ముఖము తుడుచుకొని, లోపలికి పోయి చిన్న బెల్లముముక్కయు మంచినీళ్లును తెచ్చిపెట్టినది.

బయలుదేరునప్పుడు, ఈ సంగతి ఎప్పుడైనను పత్రికలో వ్రాయవచ్చునా అని అడిగితిని.

"రాసుకోండి. నా పేరు మాత్రం వెయ్యమాకండి," అన్నది. గుంజ పట్టుకొని కొంచెముసేపు నిలిచి, "పిల్లల పేర్లు ప్రార్థనలో ఒకసారి చెప్పండి. ఇక్కడ గాదు, మీ ఊళ్లో," అన్నది.

మూడు పేర్లు చెప్పినది. నేను బైబిలు వెనుక అట్టమీద వ్రాసికొంటిని. ఆ ఆదివారము మా గుడిలో వాటిని చదివితిని. ఎవరని ఎవరును అడుగకమునుపే, వెనుక వరుసలో కూర్చున్న ఒక ముసలమ్మ తన పోయిన బిడ్డ పేరు కూడ పైకి చెప్పినది.